మస్కట్‌లో తెరుచుకోని చీరల పేజీ

నాకు కోపం తొందరగా వస్తుంది. పొయ్యి మీది పాలు నయం, పొంగే ముందు అంచున నురగన్నా కనబడుతుంది, నీకు అదీ ఉండదు అని మా అత్త అంటుంది. ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. కోపంతో నేను చెడగొట్టుకున్న పనులు చెప్పుకుంటూ పోతే తెల్లారుతుంది. ఒక్కసారి మాత్రం అదే కోపం నన్ను కోరుట్ల నుంచి సిరిసిల్లకు, మళ్ళీ జగిత్యాలకు పరుగులు పెట్టించింది. నా చీరల పేజీ ఊరందరికీ తెరుచుకుని, తెరుచుకోవలసిన ఒక్క మనిషికి తెరుచుకోని రోజులవి.

మా పుట్టిల్లు తంగళ్ళపల్లి. మానేరు దాటితే సిరిసిల్ల. మా నాయిన సిరిసిల్లలో సాంచాలు నడిపేవాడు. పుస్తకాల్లో మరమగ్గాలని రాస్తారు గానీ మా దగ్గర ఆ మాట ఎవరూ అనరు. సాంచాల చప్పుడు వినబడుతున్నంత సేపు ఇంట్లో అందరి ముఖాలూ మామూలుగా ఉండేవి, ఆగితే మా అమ్మ మాటలు తగ్గించేసేది. నూలు ధర పెరిగి, చీర అడిగేవాడు లేక, సాంచాలు వరసగా ఆగిపోయిన ఏళ్ళలో మా అన్న భీవండి పోయాడు. మా వాడలో సగం మంది అతని ముందో వెనకో పోయినవాళ్ళే. కొందరు ఎక్కడికీ పోలేక ఇంట్లోనే ప్రాణం తీసుకున్నారు. ఆ ఇళ్ళ ముందు నుంచి మేము ఇప్పటికీ నడవం, చుట్టు తిరిగి పోతాం. నన్ను మాత్రం నాయిన జగిత్యాలలో మా చిన్నమ్మ ఇంట్లో ఉంచి కంప్యూటర్ నేర్పించాడు. సాంచా ఆగినా ఇది ఆగదట అని ఎవరో చెప్పిన మాట పట్టుకుని అంత పని చేశాడు.

తర్వాత కోరుట్లకు కోడలిగా వచ్చాను. మా మామ తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. చెట్లు ఎండిపోయి, ఉన్నవి నరికేసి ప్లాట్లు చేస్తుంటే, మా ఆయన చెట్టెక్కే మోకు భుజాన వేసుకోకముందే మస్కట్ విమానం ఎక్కాడు. కొత్త భవనాలకు కరెంటు వైర్లు లాగే పని. ఊరికి దూరంగా, ఎడారిలో, కంపెనీ క్యాంపులో ఉండేవాడు. నేను బస్టాండు దగ్గర ఒక నెట్ సెంటర్ పెట్టుకున్నాను. జిరాక్సులు, పరీక్ష దరఖాస్తులు, టికెట్లు, మధ్యమధ్యలో ఎవరో ఒకరితో లొల్లి. రోజు బాగానే గడిచేది.

గల్ఫ్‌లో మగవాళ్ళున్న ఆడవాళ్ళు నా దగ్గరికి వచ్చి కెమెరా ముందు కూర్చుని మాట్లాడి పోయేవాళ్ళు. వాళ్ళందరి ఒంటి మీదా ఇంచుమించు ఒకే రకం చీర ఉండేది. మేము దానికి మస్కట్ చీర అని పేరు పెట్టుకున్నాం. అక్కడ ఏదో దుకాణంలో తొందరతొందరగా వేలు పెట్టి చూపించి కొన్న నైలాన్ చీర. దూరం నుంచి తళతళలాడుతుంది, కట్టుకున్నామెకు చెమట ఆగదు. ఒకామె నా ముందే కుర్చీలో ఇటూ అటూ మెసులుతూ, "ప్రేమతోటి పంపిండు అక్కా, కట్టకపోతే ఆయనకు బాధ, కడితే నాకు చావు" అంది.

అదే నెలలో పుట్టింటికి పోయాను. నాయిన పనిచేసే చోట మెత్తటి నూలు చీరలు, మంచి రంగులవి, కట్టలు కట్టలుగా గోడ పొడుగునా పేర్చి ఉన్నాయి. కొనేవాడు లేడు. సిరిసిల్లలో చీర కొనే మనిషి లేడు, కోరుట్లలో కట్టుకునేటట్టు ఉన్న చీర లేదు. నాకు ఒళ్ళు మండింది. నా బుర్రలో ఏదైనా పుట్టాలంటే ముందు ఒళ్ళు మండాలి. మస్కట్‌లో ఉన్న మగవాడు అక్కడే ఫోన్‌లో చూసి చీర ఎంచుకుంటే, అది సిరిసిల్ల నుంచి నేరుగా రాయికల్‌లో ఉన్న అతని ఇంటామె చేతికి పోవాలి. మధ్యలో ఎడారి ఎందుకు, విమానం ఎందుకు, నైలాన్ ఎందుకు?

మొదట ఫోన్లకు ఫోటోలు పంపి చూశాను. ఆగమాగం అయ్యింది. ఉన్నది ఒక్క చీర, అడిగింది ముగ్గురు, ఆ ముగ్గురి భార్యలూ రాయికల్‌లో ఒకే గల్లీ వాళ్ళు. చీర దొరకని ఇద్దరూ నెట్ సెంటర్ ముందుకు వచ్చి నన్ను కడిగేశారు. అమ్ముడైన చీర వెంటనే మాయమయ్యే పేజీ ఒకటి ఉంటే తప్ప నా ప్రాణం నిలవదని ఆ రోజే అర్థమైంది. నేర్చుకున్న చదువును దుమ్ము దులిపి, నేనే కూర్చుని పేజీ తయారు చేశాను.

ఫోటోలకు అందమైన అమ్మాయిలను ఎక్కడి నుంచి తేను? మా వాకిట్లో బీడీలు చేసే ఆడవాళ్ళున్నారు, వాళ్ళకు మా అత్త పెద్ద. పొద్దంతా చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చునే మనుషులు. వాళ్ళ ఒంటి మీద కుదురుగా నిలిచిన చీర ఎవరి ఒంటి మీదైనా నిలుస్తుంది. అడిగితే మొదట షరం, సిగ్గు అన్నారు. ఒకామె కట్టుకుని చూపించాక లైను కట్టారు. మా అత్త నీలి చీర కట్టుకుని, నడుం మీద చెయ్యి పెట్టి, గడప మీద నిలబడింది. ఇక చాలు దిగమంటే దిగలేదు.

దిగాక మాత్రం ఒక షరతు పెట్టింది. ఆ ఫోటోలు చీర కొనే మనవాళ్ళు చూడాలి తప్ప దారిన పోయే ప్రతివాడూ చూడకూడదు. గల్లీలో ఎవడో ఒకడు నోరు జారితే మర్నాటి నుంచి వాకిట్లోకి ఒక్క ఆడది రాదు. ఆమె భయం నిజమే. అందుకని, జగిత్యాలలో నాకు కంప్యూటర్ నేర్పిన సార్‌ను అడిగి ఒక తాళం ప్రోగ్రాం తెచ్చి పేజీకి బిగించాను. చీర కావాలన్న మనిషి ముందు ఫోన్ చెయ్యాలి. ఎవరో, ఏ ఊరో, ఎవరి తాలూకో కనుక్కున్నాక అతనికి ఒక పేరు, ఒక పాస్‌వర్డ్ ఇస్తాను. అవి కొడితేనే చీరలు కనబడతాయి. ఆ తాళంలో టిక్కులు పెట్టుకునే గడులు చాలా ఉన్నాయి. అర్థమైనవాటికీ కానివాటికీ అన్నింటికీ టిక్కు పెట్టేశాను. తాళం అన్నాక గట్టిగా ఉండొద్దా?

ఇదంతా నేను రాయికల్ ఆడవాళ్ళ కోసం చేశానంటే అబద్ధం. కొంత వాళ్ళ కోసం, కొంత మా నాయిన సాంచాల కోసం, ఎక్కువ నా కోసం. మా ఆయన కంపెనీ ఒప్పందం ఆ దసరాతో అయిపోతుంది. ఇంకో దఫా ఉంటాడో లేదో నెలాఖరులోగా కంపెనీకి చెప్పాలి. ప్రతిసారీ ఇదే ఆఖరుది అనేవాడు, ప్రతిసారీ సంతకం పెట్టేవాడు. ఆయన్ని అనడానికి నాకు నోరు రాదు, ఇల్లు నిలబడింది ఆ సంతకాల మీదే. కానీ మా బిడ్డకు నాయిన అంటే ఫోన్‌లో ఉండే మనిషి. సెలవు మీద వస్తే నా కొంగు చాటు నుంచి ఆయన్ని చూసేది. ఇక ఒళ్ళోకి పోదామని అది అనుకునే సరికి ఆయన బ్యాగు కట్టుకునేవాడు. నాకు ఆయన కావాలి. ఎవరేమనుకున్నా సరే, నాకు ఆయన ఇంట్లో కావాలి.

అదే మాట ఫోన్‌లో అన్నాను.

"నీ చీరల మీద ఇల్లు నడుస్తదని నా కండ్లతోటి చూస్తే వస్త," అన్నాడు. "చూడకుంట మాత్రం ఎట్ల రావాలె చెప్పు."

చూడు మరి అని పేరు, పాస్‌వర్డ్ చెప్పాను. అందులో మీ అమ్మ ఫోటో ఉంది, ఒక్క మనిషికి కూడా ఇవ్వొద్దు అని ఒట్టు వేయించుకున్నాను. శుక్రవారం సెలవు, తీరిగ్గా చూస్తానన్నాడు.

ఆ శుక్రవారం నేను పొద్దున్నే తలస్నానం చేశాను. ఎందుకో అడగొద్దు. ఆయన చూసేది చీరలను, నన్ను కాదు. నెట్ సెంటర్‌లో జిరాక్స్ కోసం వచ్చినవాళ్ళకు కాగితాలు తలకిందులుగా తీసి ఇచ్చాను. మధ్యాహ్నం దాటాక ఫోన్ వచ్చింది.

"తెర్సుకుంటలేదు," అన్నాడు.

తెల్లగా ఉందట. గుండ్రం తిరిగి తిరిగి, పేజీ అందడం లేదని ఇంగ్లీషులో రాసి వస్తుందట. నేను నా దగ్గర తెరిచాను. మా అత్త నడుం మీద చెయ్యి పెట్టుకుని దర్జాగా నిలబడి ఉంది. పక్క కంప్యూటర్‌లో తెరిచాను, ఫోన్‌లో తెరిచాను, పక్కన మెడికల్ షాపు ఆయన ఫోన్ గుంజుకుని అందులోనూ తెరిచాను. అన్నింటిలోనూ ఉంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నా పేజీ ఇంట్లో గెలిచి రచ్చకు పోనంటోంది.

ముందు అనుమానం ఫోటోల మీదకు పోయింది. పెళ్ళిళ్ళకు ఫోటోలు తీసే ఒకతన్ని బతిమాలి తీయించిన ఫోటోలవి, ఒక్కొక్కటి ఇంత బరువు. ఎడారిలో నెట్ నీళ్ళ టాంకరు లాంటిది, వస్తే వచ్చింది లేకపోతే లేదు. అది ఇంత బరువు మోయలేక చతికిలబడి ఉంటుందనుకున్నాను. రెండు రోజులు దుకాణం పని మానేసి ఫోటోలన్నీ చిన్నవి చేశాను. మా అత్తను కూడా బొటనవేలంత చేశాను. పేజీ ఇక్కడ రెప్పపాటులో తెరుచుకుంటోంది. సాయంత్రం మా ఆయన డ్యూటీ దిగి ఫోన్ చేశాడు. తెరుచుకోవడం లేదు. అదే తెలుపు, అదే గుండ్రం.

ఫోన్‌లో పాతవన్నీ తుడిచెయ్యమన్నాను, ఆపి మళ్ళీ పెట్టమన్నాను. ఇంకో ఫోన్‌లో చూడమన్నాను. ఎవరి ఫోన్‌లోనూ అని మొదలుపెట్టి, ఎందుకో మాట మింగి, నా ఫోన్‌లో అయితే రావడం లేదన్నాడు. నేను అప్పుడు పట్టించుకోలేదు. నీ ఫోన్ నెంబరుకు నెట్ వేసుకుని చూడరాదా అంటే, ఆ సిమ్ము మాటలకే, నెట్ అంటే క్యాంపు వైఫైయే అన్నాడు. క్యాంపు నుంచి బజారుకు పోవాలంటే శుక్రవారం ఒక్కరోజే బస్సు.

మస్కట్‌లోనే మన పేజీలను ఆపుతారేమో అన్న భయం పట్టుకుంది. అదే నిజమైతే దుకాణం మూసుకోవడమే. చీరలు తేవాలన్న సాకుతో సిరిసిల్ల బస్సు ఎక్కాను. మా నాయిన ఇంటి పక్కామె అల్లుడు మస్కట్‌లోనే డ్రైవరు. అతనికి ఫోన్ చేయించి, పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి, తెరవమన్నాను. నేను గడప మీద కూర్చున్నాను. అతను నిమిషంలో తెరిచాడు. తెరవడమే కాదు, ముదురాకుపచ్చ చీర ఒకటి అత్తకు, ఇంకొకటి భార్యకు అని ఆర్డర్ కూడా పెట్టేశాడు. అత్తకు ముందు, భార్యకు తర్వాత. తెలివిగలవాడు. ఆ ఇంట్లో నాకు చాయ్ పోసి సంబరపడుతుంటే, నాకు లోపల మంట మొదలైంది.

మస్కట్‌లో తెరుచుకుంది. తిరిగి వచ్చి, నా దగ్గర చీర తీసుకున్న రాయికల్ ఆమెను అడిగితే, ఆమె మనిషికి షార్జాలో తెరుచుకుంది. బోయినపల్లి ఆమె తమ్ముడికి బహ్రెయిన్‌లో తెరుచుకుంది. ప్రపంచమంతా మా అత్త నీలి చీర చూస్తోంది, ఆమె కన్న కొడుక్కు తప్ప.

అప్పుడు నాకు ఒక పాడు ఆలోచన వచ్చింది. వచ్చిందంటే వచ్చింది, దాచడం ఎందుకు. ఈయన అసలు తెరవడం లేదేమో. చూస్తే ఇంటికి రావాలి కాబట్టి, చూడకుండా ఉండటానికి తెరుచుకోవడం లేదని చెబుతున్నాడేమో. అక్కడ అలవాటు పడిన మనిషికి ఇక్కడ ఏముంది? ఆ ఆలోచనతో మధ్యాహ్నం అన్నం తినలేదు. సాయంత్రం ఫోన్ వచ్చినప్పుడు ఆ మాటే మొహాన అడిగేశాను. ఇష్టం లేకపోతే లేదని చెప్పు, నా పేజీ మీద నెపం పెట్టకు అని అరిచాను. ఎప్పుడూ నాతో సమానంగా అరిచే మనిషి, ఆ రోజు మెత్తగా, "అట్ల కాదే, జర నువ్వే ఏమన్న చెయ్యి," అన్నాడు. వెనక నుంచి ఎవరెవరివో గొంతులు వినబడుతున్నాయి. ఒకడు అయ్యిందా అని అడుగుతున్నాడు. ఏమయ్యిందని అడుగుతున్నాడో నేను ఆలోచించలేదు, అప్పటికే ఫోన్ కట్ చేశాను.

నెలాఖరు ముంచుకొస్తోంది. మర్నాడు పొద్దున్నే జగిత్యాలకు బయలుదేరాను. సార్ అప్పటికి పాఠాలు మానేసి ఇంట్లోనే ఉంటున్నాడు. నేను పోయేసరికి వాకిట్లో మల్లె చెట్టుకు పందిరి కడుతున్నాడు. నా గోడంతా విన్నాడు. ఫోటోల సంగతి, సిరిసిల్ల అల్లుడి సంగతి, షార్జా సంగతి. తీగ ముడి వేస్తూనే, మీ ఆయన క్యాంపులో ఎంత మంది ఉంటారని అడిగాడు. వందల మంది ఉంటారన్నాను. వాళ్ళందరికీ వైఫై ఒక్కటేనా అన్నాడు. ఒక్కటే, తలా కొంత వేసుకుని పెట్టించుకున్నారన్నాను.

"అయితే వాళ్ళు ఎంతమంది ఉన్నా నీ పేజీకి ఒక్క మనిషే. అందరు ఒకే తలుపు నుంచి అస్తరు గదా," అన్నాడు.

సార్ ఇంకా ఏదో చెబుతున్నాడు. నాకు వినబడలేదు. ఒక్క మనిషి. ఒకే తలుపు. నా తాళం! ఫోటోలను అనుమానించాను, మస్కట్‌ను అనుమానించాను, కట్టుకున్నవాణ్ణి అనుమానించాను. నేనే బిగించి, కనబడిన ప్రతి గడికీ టిక్కు పెట్టిన తాళాన్ని మాత్రం ఒక్కసారి తీసి చూడలేదు. పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికిందట వెనకటికి ఒకామె. ఆమె నాకు చుట్టమే అయ్యుండాలి.

సార్ కంప్యూటర్ ముందు చెప్పులతోనే కూర్చున్నాను. తాళం లోపలికి పోయి చూస్తే, ఒకే ఒక్క చోటును అది బయటికి తోసి తలుపేసింది. ఆ క్యాంపునే. ఎప్పటి నుంచి అంటే ఆ శుక్రవారం మధ్యాహ్నం నుంచి. ఎందుకంటే, మా ఆయన పేరు మీద, ఒకే చోటి నుంచి, ఒకదాని వెంట ఒకటి, కాసేపట్లోనే లెక్కలేనన్ని ఫోన్లు లోపలికి వచ్చాయి. తాళానికి అది దొంగల గుంపులా కనబడింది. పాపం, దాని తప్పేముంది, అలా అనుకొమ్మని నేనే టిక్కు పెట్టాను.

కోపం నెత్తికెక్కింది. ఒట్టు వేసి కూడా మా ఆయన పాస్‌వర్డ్ పదిమందికీ ఇచ్చేశాడు. సార్ అరుగు మీద నుంచే మిస్డ్ కాల్ ఇచ్చాను. చాయ్ టైములో తిరిగి చేశాడు.

"ఎంతమందికి ఇచ్చినవ్?" అన్నాను, హలో కూడా అనకుండా.

"ఏంది?"

"పాస్‌వర్డ్. అబద్ధమాడకు, తాళం అంత చెప్పింది."

ఒక్కొక్కటే బయటికి వచ్చింది. రూములో ఉన్నవాళ్ళకు ఇచ్చాడట. అంతేనా అంటే, పక్క రూము వాళ్ళకు కూడా. ఇంకా అంటే, ఆ వరస మొత్తానికి. మెస్సులో వంట చేసే మలయాళీ ఆయనకు. పైన ఉండే బీహారు వాళ్ళకు.

"బీహారోళ్ళకెందుకు?"

"వాళ్ళకు పెండ్లాలు లేరా?" అన్నాడు.

నేను పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకున్నాను. కోపంగా ఉండాల్సిన సమయం అది. ఆ శుక్రవారం ఏమైందో అప్పుడు చెప్పాడు. పొద్దున బట్టలుతుక్కుంటూ నా పేజీ సంగతి ఒకడికి చెప్పాడట, మా ఇంటామె దుకాణం పెట్టింది, సిరిసిల్ల చీరలు, ఇక్కడి నుంచే పంపొచ్చు అని. వాడు ఇంకొకడిని పిలిచాడు. మధ్యాహ్నానికి అన్నం తిన్న చేతులతోనే అందరూ రూములో చేరారు. మంచాల మీద, నేల మీద, గడపలో, చేతిలో ఫోన్లు పట్టుకుని. ఈయన మధ్యలో నిలబడి పేరు, పాస్‌వర్డ్ పెద్దగా చదివి వినిపించాడు. కొట్టండి అన్నాడు. కొట్టారు.

"మరి నువ్వు చూసినవా?" అన్నాను.

"నేనెట్ల చూస్త? ఇంటికొచ్చినోళ్ళకు పెట్టినంక గదా మనం తినేది. అందరు చూసినంక చూద్దామని ఆగిన. నా వంతు వచ్చేవరకు మూసుకున్నది."

ఇక నవ్వు ఆగలేదు. అరుగు మీద కూలబడి నవ్వాను, కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నా నవ్వాను. సార్ భార్య ఏమైందోనని మంచినీళ్ళ చెంబుతో బయటికి వచ్చింది. నన్ను తప్పించుకోవడానికి వంక వెతుకుతున్నాడనుకున్న మనిషి, నా దుకాణానికి పెళ్ళి పెద్దలా నిలబడి, అందరికీ వడ్డించి, తాను పస్తున్నాడు. వెనక గొంతులు అడుగుతున్నది పేజీ బాగయ్యిందా అని. ఆ పూట ఆయన ఎదురుగా ఉంటే ముందు రెండు తిట్టి, తర్వాత ఏం చేసేదాన్నో ఇక్కడ రాయను.

తాళాన్ని అక్కడికక్కడే సరిచేశాను. ఈ చోటు మనవాళ్ళదే, ఎంతమంది వచ్చినా దొంగలు కాదు అని దానికి చెప్పి, క్యాంపుకు తలుపు తీశాను. ఎవరి పేరు వాళ్ళకు, ఎవరి పాస్‌వర్డ్ వాళ్ళకు ఇస్తానని, ఊరి పేర్లతో సహా చెప్పమన్నాను.

మిగిలింది మా అత్త. కోరుట్లలో దిగి, బస్టాండు నుంచి ఇంటి దాకా ఆమెకు ఎలా చెప్పాలా అని మాటలు కూర్చుకుంటూ నడిచాను. ఆమె వాకిట్లో బీడీ ఆకు కత్తిరిస్తోంది. ఆడవాళ్ళందరూ ఉన్నారు. నీ కొడుకు మీ అందరి ఫోటోలు క్యాంపు మొత్తానికి చూపించాడని ఒక్క గుక్కలో చెప్పేసి, అడుగు వెనక్కి వేసి నిలబడ్డాను. ఆమె కత్తెర ఆపింది.

"నీలి చీరల మంచిగ పడ్డనా?" అంది.

బాగా పడ్డావన్నాను. ఏమన్నారట అని పక్కామె అడిగింది. నేను ఏ ఫోటోలో బాగున్నానట అని ఇంకొకామె. బీహారు వాళ్ళు కూడా చూశారంటే, వాళ్ళ తల్లులు కూడా ఇట్లానే ఎక్కడో కూర్చుని ఉంటారు గదా అని మా అత్త మళ్ళీ ఆకు అందుకుంది. ఆమె భయమంతా గల్లీలో తిరిగే నోళ్ళ మీదే, ఇల్లు విడిచి పోయినవాళ్ళ మీద కాదని నాకు అప్పుడు తెలిసింది.

ఆ సాయంత్రం నుంచి క్యాంపు వాళ్ళ ఆర్డర్లు మొదలయ్యాయి. ప్రతివాడికీ నీలి చీరే కావాలి. ఉన్నవి గంటలో అయిపోయాయి. నాయినకు ఫోన్ చేసి ఇంకా ఉన్నాయా అంటే, ఆగి ఉన్న సాంచా మీదకు నీలం నూలు ఎక్కిస్తానన్నాడు. రెండు రోజులకు ఫోన్‌లో ఆ సాంచా చప్పుడు మళ్ళీ విన్నాను. బతుకమ్మకు ముందే పంపాలని నేనూ, ఒక ఆటో అతనూ రాయికల్, బోయినపల్లి, ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగాం. ఒకామె చీర విప్పి మెత్తగా ఉందని చెంపకు ఆనించుకుంది. ఒకామె, ఆయనకు రంగులు తెలుస్తాయని ఇన్నేళ్ళకు ఎరుకైంది అంది. కాగితాలు పోగొట్టుకుని, కంపెనీ విడిచి, దొరికితే జైలని దాక్కుని తిరిగే ఒకతను తల్లికి చీర పంపించాడు. ఆమె దాన్ని కట్టుకోనని, కొడుకు వచ్చాకే కడతానని పెట్టెలో పెట్టింది. నేను ఆమెతో గొడవపడి, అక్కడే కట్టించి, ఫోటో తీసి అతనికి పంపాను.

ఈ హడావిడిలో మా ఆయన తీరిగ్గా మాట్లాడిందే లేదు. ఫోన్ చేస్తే పక్కన ఎవరో ఒకరు లాక్కుని చీర సంగతి అడిగేవాళ్ళు. నెలాఖరు రానే వచ్చింది. ఆ రోజు నేనే చేశాను. నెట్ సెంటర్ షట్టర్ సగం దింపి, చీరల మధ్య కూర్చుని అడిగాను. పేజీ చూసినవా అంటే, చూసిన, మస్తుగున్నది అన్నాడు.

"మరి కంపిని వాళ్ళకు ఏం చెప్తవ్?"

"అది ఎప్పుడో చెప్పిన," అన్నాడు.

నేను చీరలు పంచుతూ తిరుగుతున్నప్పుడే, నాకు చెప్పకుండా సంతకం పెట్టేశాడనుకున్నాను. ఎప్పుడు అని అడిగాను.

"గా శుక్రారమే. పేజీ మూసుకున్న పొద్దే. సాయంత్రం ఫోర్‌మన్ దగ్గరికి పోయి, ఈసారి సంతకం పెట్టను, ఇంటికి పోత అని చెప్పొచ్చిన."

"చూడకుంటనే?"

"మా ఇంటామె దుకాణం, మా ఇంటామె దుకాణం అని అందరికి చెప్పుకుంట చెప్పుకుంట, నేనే నమ్మిన."

అలవాటు కొద్దీ నాకు ముందు కోపమే వచ్చింది. ముందే తేల్చుకున్నవాడివి, రోజూ తెరుచుకోవడం లేదు, తెరుచుకోవడం లేదు అని నన్ను సిరిసిల్లకూ జగిత్యాలకూ ఎందుకు తిప్పినవ్, నేను అన్నం తినని రోజులకు ఎవరు జవాబు చెబుతారు అని అడిగాను.

"నేనైతె వస్తున్న," అన్నాడు. "వీళ్ళు రాలేరు గదా. వీళ్ళ చీరలన్న పోవద్దా?"

ఫోన్ పెట్టేసి, కొంగుతో ముఖం తుడుచుకున్నాను. మా అత్త అన్నం గిన్నె పట్టుకుని వచ్చి, షట్టర్ కింద నుంచి వంగి చూసి, నా ముఖం చూసి భయపడి, ఏమైంది బిడ్డా అని అడిగింది. నీ కొడుకు ఇంటికి వస్తున్నాడు అని చెప్పి, అన్నం గిన్నె అందుకున్నాను.